కూల్చకుండా గీసిన పార్కు

సియాటిల్ వైపు ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లి చూపించే చోట్లలో గ్యాస్ వర్క్స్ పార్కు ఒకటి. లేక్ యూనియన్ సరస్సుకు ఉత్తరపు ఒడ్డున పెద్ద పచ్చిక దిబ్బ. పైకెక్కితే నీళ్లకు ఆవల నగరం మేడలన్నీ వరసగా కనిపిస్తాయి. అందరూ అటు తిరిగే ఫొటోలు దిగుతారు. పక్కనే తుప్పు పట్టి నిలబడ్డ ఇనుప గోపురాలను చూసి పెద్దవాళ్లకు వచ్చే సందేహం ఒకటే: ఇంత డబ్బున్న ఊరు, ఈ పాత సామాను తీసేయించుకోలేకపోయిందా?

తీసేయించాలనే అనుకున్నారు. వద్దని ఒకాయన పట్టుబట్టాడు. ఎందుకు ఉంచాలో, ఉంచి ఏం చేయాలో, ఆ నేలను ఎలా బాగు చేయాలో కాగితం మీద గీసి మరీ చూపించాడు. ఆయన పేరు రిచర్డ్ హాగ్. అమెరికాలో పార్కులు గీసినవాళ్లు చాలామంది ఉన్నారు. పాడైపోయిన నేలను చూసి ముక్కు మూసుకోకుండా, దాన్నే సరుకుగా వాడుకుని పార్కు గీసినవాళ్లలో ఈయనది ముందు వరస.

1906లో సియాటిల్ గ్యాస్ లైట్ కంపెనీ ఇక్కడ ప్లాంటు పెట్టింది. బొగ్గు నుంచి గ్యాస్ తీసి, ఊళ్లో దీపాలకూ పొయ్యిలకూ అమ్మేది. 1937లో బొగ్గు మానేసి చమురు మొదలుపెట్టారు. దేని నుంచి తీసినా చివరికి మిగిలేవి తారు, మసి, బెంజీన్, నాఫ్తలీన్. వాటిలో అమ్ముడుపోయేది అమ్మగా, తక్కినది నేలలోకీ నీళ్లలోకీ ఇంకింది. 1956లో సహజవాయువు పైపులైను ఊరిదాకా రావడంతో ప్లాంటు పని అయిపోయింది. 1962లో నగరం ఆ స్థలాన్ని పార్కు కోసం కొంది. ఇరవై ఎకరాలకు కాస్త అటూ ఇటూ. అప్పటికి అందరి మనసులో ఉన్న పార్కు మామూలుదే: యంత్రాలను తుక్కు కింద అమ్మేయాలి, చెట్లు నాటాలి, బెంచీలు వేయాలి. ఈ పార్కు కోసం గట్టిగా పనిచేసిన నగర కౌన్సిల్ సభ్యురాలు మర్టిల్ ఎడ్వర్డ్స్ 1969లో కారు ప్రమాదంలో చనిపోతే, ఆమె పేరే పెడదామని కూడా అనుకున్నారు.

1970లో ప్లాను పని హాగ్ చేతికి వచ్చింది. ఆయన కెంటకీలో నర్సరీవాళ్ల ఇంట పెరిగినవాడు. మొక్క ఏ మట్టిలో బతుకుతుందో, ఏ మట్టిలో చస్తుందో చిన్నప్పటి నుంచీ చూసినవాడు. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద రెండేళ్లు జపాన్‌లో ఉండి వచ్చాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ శాఖను మొదలుపెట్టింది కూడా ఆయనే. ఇలాంటివాళ్లు ఏ స్థలానికి వెళ్లినా ముందు అక్కడ పోగొట్టుకోకూడనిది ఏముందా అని వెతుకుతారు. ముసలి చెట్టో, వాగో, రాతిగుట్టో దొరుకుతుంది. ఇక్కడ అవేవీ లేవు. ఉన్నవల్లా గోపురాలూ గొట్టాలే. ఈ చోటికి పాతకాపులు ఇవే కాబట్టి వీటి చుట్టూనే పార్కు రావాలన్నది హాగ్ వాదన.

వినడానికి బాగానే ఉంది కానీ, 1970లో ఆ మాటకు ఊరిని ఒప్పించడం తేలిక కాదు. గ్యాస్ ప్లాంటంటే జనానికి పొగ, కంపు, మసి. ఆ గుర్తును డబ్బు పెట్టి మరీ కాపాడుకోవడమేమిటి? హాగ్ ఏం చేశాడంటే, ఆ స్థలంలోనే ఉన్న పాత కమ్మరి కొట్టంలో తన ఆఫీసు తెరిచాడు. వచ్చినవాళ్లను లోపలికి పిలిచి స్లైడ్లు వేసి చూపించాడు, యంత్రాల మధ్య తిప్పాడు. ఎప్పుడూ కంచె బయటి నుంచే చూసినవాళ్లు మొదటిసారి వాటి కింద నిలబడి తలెత్తి చూశారు. నా లెక్కలో ఇదీ ప్లానులో భాగమే. డ్రాయింగులు ఎంత బాగున్నా, చూడని చోటును జనం ప్రేమించరు. 1971లో ప్లాను తయారై ఒప్పుదల పొందింది. అందరూ మాత్రం ఒప్పుకోలేదు. ప్లాంటును ఉంచేట్టయితే తమ మనిషి పేరు వద్దని ఎడ్వర్డ్స్ కుటుంబం వెనక్కి తీసుకుంది. తర్వాత ఎలియట్ బే ఒడ్డున ఉన్న మరో పార్కుకు ఆమె పేరు పెట్టారు. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేను అనను. ఆమె కోరుకున్న పార్కు ఇది కాదేమో.

ఇక పనితనం దగ్గరికి వద్దాం. హాగ్ అన్నిటినీ ఉంచేయలేదు. చాలా షెడ్లూ ట్యాంకులూ పోయాయి. ఏది ఉంచాలి, ఉంచినదాన్ని ఏ రకంగా ఉంచాలి అన్నదాంట్లోనే ఆయన కన్ను తెలుస్తుంది. గ్యాస్ పుట్టించిన పెద్ద గోపురాలకు రంగు పూయలేదు, మెరుగు పెట్టలేదు. తుప్పు తుప్పుగానే ఉంది. అవి దూరం నుంచి చూడడానికి, సరస్సులో పడవ మీద వెళ్లేవాళ్లకు కూడా ఆనవాలుగా నిలవడానికి. బాయిలర్ల కొట్టం వనభోజనాల పందిరిగా మారింది. కంప్రెసర్లున్న కొట్టం పిల్లల ఆటస్థలమయింది. అక్కడ మాత్రం ప్రతి యంత్రానికీ రంగే: ఎరుపు, పసుపు, నారింజ, నీలం. పంపులూ చక్రాలూ లావుపాటి గొట్టాలూ వేసిన చోటే ఉన్నాయి, మీద పెయింటు మాత్రం కొత్తది. దూరంగా చూసేదాన్ని ఉన్నదున్నట్టు వదిలి, పిల్లల చేతులు తగిలేదానికే రంగు వేయడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. గోపురాలకు కూడా ఆ రంగులే వేసి ఉంటే పార్కు మొత్తం ఎగ్జిబిషన్ గ్రౌండ్ అయిపోయేది. యంత్రాలను కూడా తుప్పుతోనే వదిలేస్తే ఏ తల్లీ పిల్లల్ని లోపలికి పంపేది కాదు.

దిబ్బ సంగతి ఇంకా బాగుంటుంది. పునాదుల కాంక్రీటూ కూల్చిన కట్టడాల శిథిలాలూ అంతా లారీలకెత్తి ఊరవతల పోయించడం మామూలు పద్ధతి. హాగ్ దాన్నంతా ఒకచోట పోగు పోయించి పైన మట్టి కప్పించాడు. ఇప్పుడు దాదాపు 45 అడుగుల ఎత్తున్న ఆ గుట్టనే కైట్ హిల్ అంటున్నారు. చదునుగా ఉన్న ఫ్యాక్టరీ స్థలానికి ఒక కొండ వచ్చింది, చెత్త మోసే ఖర్చు తప్పింది. కొండకు పడ్డ దారి నేరుగా పైకి పోదు, చుట్టూ తిరుగుతూ ఎక్కుతుంది. ఎక్కుతుంటే ఒకసారి గోపురాలు, ఒకసారి నీళ్లు, ఒకసారి నగరం కనిపిస్తాయి. శిఖరం మీద 1978లో చార్ల్స్ గ్రీనింగ్, కిమ్ లజారే చేసిన సూర్యగడియారం ఉంది. దానికి ముల్లు లేదు. మనిషే మధ్యలో నిలబడితే నీడ పడ్డ చోట వేళ తెలుస్తుంది.

కానీ ఈ పార్కులో అసలు పని కంటికి కనపడదు. అది కాలికింద ఉంది. విషం పట్టిన మట్టిని మొత్తం తవ్వి తీసి, కొత్త మట్టి పోయించడం ఇంజనీర్లకు తెలిసిన దారి. ఖర్చు సంగతి అలా ఉంచండి, తీసిన మట్టి ఎక్కడికి పోవాలి? ఇంకో ఊరి పక్కకే కదా. హాగ్ మరీ పాడైనదాన్ని తీయించి, తక్కినదాన్ని అక్కడే నయం చేయాలనుకున్నాడు. వైద్యం రైతుకు తెలిసినదే: లోతుగా దున్నించి, మురుగునీటి శుద్ధిలో మిగిలే బురదా రంపపు పొట్టూ కలిపించాడు. చమురంటే మట్టిలోని సూక్ష్మజీవులకు తిండే. అయితే ఆ తిండిలో కార్బనూ హైడ్రోజనూ తప్ప దాదాపు ఇంకేమీ ఉండదు. తిని పెరగాలంటే వాటికి నత్రజనీ భాస్వరమూ కావాలి, గాలి కావాలి. బురద మొదటి రెండూ ఇస్తుంది, దున్నకం గాలినిస్తుంది, పొట్టు మట్టిని గుల్లగా ఉంచుతుంది. ఆ మీదట గడ్డి విత్తారు. ఈ పద్ధతికి బయోరెమిడియేషన్ అనే పేరు ఇప్పుడు అందరి నోటా ఉంది. అప్పట్లో ఒక పార్కు ప్లానులో దాన్ని రాసిపెట్టడం తెగువే. నర్సరీ ఇంట పెరిగినవాడికే ఆ నమ్మకం ఉంటుందనుకుంటాను.

ఆ నమ్మకం పూర్తిగా నెగ్గిందా అంటే, లేదు. పార్కు 1975లో తెరిచారు. 1984లో పరీక్షలు చేస్తే మట్టిలో ఇంకా విషం తేలింది. కొన్ని నెలలపాటు పార్కు మూసేశారు. తేలిక నూనెలను సూక్ష్మజీవులు తినేస్తాయి కానీ, తారులోని బరువైన పదార్థాలు ఏళ్ల తరబడి మొండికేస్తాయి. బెంజీన్ భూగర్భజలంలో ఉండిపోయింది. తర్వాత కొన్నిచోట్ల మీద శుభ్రమైన మట్టి పరిచారు, భూమి లోపలికి గాలి ఎక్కించి బెంజీన్‌ను బయటికి లాగారు. సరస్సు అడుగున పేరుకున్న బురదతో తగాదా నేటికీ తీరలేదు. గోపురాలది మరో చిక్కు. చుట్టూ కంచె ఉన్నా దూకి ఎక్కినవాళ్లు పడి చనిపోయిన సందర్భాలున్నాయి. అలాంటిది జరిగినప్పుడల్లా ఆ నిచ్చెనలూ గొట్టాలూ తీసేయాలా వద్దా అన్న పాత తగువు మళ్లీ లేస్తుంది.

ఇన్ని చెప్పుకున్నా ఆ ప్లాను మీద నాకు గౌరవం తగ్గలేదు. జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో మూతపడ్డ ఉక్కు కర్మాగారాన్ని పీటర్ లాట్జ్ పార్కుగా మలిచింది 1990లలో. దాని గురించి ప్రపంచమంతా చెప్పుకుంది. హాగ్ అంతకు ఇరవై ఏళ్ల ముందే, ముందు నడిచినవాళ్లు లేని దారిలో నడిచాడు. తప్పు ఎక్కడొస్తుందో చెప్పే అనుభవం ఎవరి దగ్గరా లేదు. 1981లో అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘం ఆయనకు తన అధ్యక్ష పురస్కారం ఇచ్చింది. అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కాలంటే మామూలుగా యాభై ఏళ్లు నిండాలి. ఈ పార్కు నలభై కూడా నిండకుండానే 2013లో ఎక్కింది. హాగ్ 2018లో చనిపోయాడు, చూసే పోయాడు.

అటు వెళ్లే పనుంటే ముందు కొండెక్కకండి. కంప్రెసర్ల కొట్టంలోకి వెళ్లి రంగు వేసిన గొట్టాల మీద చెయ్యి పెట్టి చూడండి, తర్వాత గోపురాల చుట్టూ ఒకసారి తిరిగి, ఆఖర్న దిబ్బ ఎక్కండి. వేసవిలో అయితే గడ్డి ఎండుగడ్డి రంగుకు తిరిగి ఉంటుంది. పచ్చగా లేదని చిన్నబుచ్చుకోకండి, అక్కడి వేసవిలో వానలు చాలా తక్కువ. పిల్లలను మాత్రం సరస్సులోకి దిగనివ్వకండి. ఒడ్డున బోర్డులు పెట్టారు, అవి ఊరికే పెట్టినవి కావు.