కొట్టివేతల్లోంచి లేచిన పక్షులు

రవీంద్రనాథ్ టాగూర్ రాతప్రతులు చూసేటప్పుడు బెంగాలీ రాకపోవడం ఒకందుకు మేలే. కవిత్వం అడ్డురాదు, చూపు నేరుగా కొట్టివేతల మీదికి పోతుంది. 1924లో ఓడ ప్రయాణంలోనూ, ఆ తర్వాత అర్జెంటీనాలోనూ ‘పూరబి’ కవితలు రాసుకున్న నోటుబుక్కునే తీసుకోండి. నచ్చని మాట మీద మనమైతే ఒక గీత గీసి ముందుకు పోతాం. ఆయన ఆ మాటను సిరాతో పూర్తిగా పూడ్చేస్తారు. అది పేజీలో నల్లటి గడ్డలా ఒంటరిగా మిగులుతుంది. రెండు పంక్తుల కింద ఇంకో గడ్డ. పంక్తుల సందులోంచి సన్నటి పాయ ఒకటి తీసి ఆ రెంటినీ కలుపుతారు. పాయ మెడవుతుంది, పై గడ్డకు ముక్కు మొలుస్తుంది, చుక్కంత తెలుపు వదిలితే కన్ను.

పనితనమంతా ఆ కలపడంలో ఉంది. ఏ మాట ఎక్కడ కొట్టేయాలన్నది బొమ్మ కోసం తేల్చుకున్నది కాదు, కవిత అవసరం కొద్దీ జరిగింది. మిగిలిన పంక్తులు చదవడానికి వీలుగా ఉండాలి గనక గీత వాటిని తొక్కకుండా చుట్టుతిరిగి పోవాలి. అందుకే ఆ ప్రాణుల ఒంట్లో ముందుగా అనుకుని ఎవరూ గీయలేని వంపులున్నాయి. బెంగాలీ అక్షరాలు పైనున్న అడ్డగీతకు వేలాడుతుంటాయి కదా, కొట్టివేత కూడా పొడుగాటి పట్టీలాగే మొదలవుతుంది. పాకే జంతువులు అక్కడ అంత తేలిగ్గా పుట్టడానికి అదీ ఒక కారణమేమో. మన గుండ్రటి అక్షరాలైతే వేరే జాతి జంతువులు పుట్టేవి!

బొమ్మలు గీయాలన్న కోరిక ఆయనకు కొత్త కాదు. 1900లో జగదీశ్ చంద్ర బోస్‌కు రాసిన ఉత్తరంలో, స్కెచ్‌బుక్ పట్టుకు కూర్చున్నానని, పెన్సిల్ కన్నా రబ్బరుకే ఎక్కువ పని పడుతోందని తన మీద తానే నవ్వుకున్నారు. సరిగ్గా రావాలని గీసినప్పుడు రాని బొమ్మ, అరవై దాటాక, చెరపడానికి వీల్లేని సిరాతో వచ్చింది. తప్పు గీత పడితే దాన్ని లావు చేయడమో ఇంకోదానితో కలపడమో తప్ప దారి లేదు. ఇంట్లో అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ వంటి చిత్రకారులున్నా ఆయన చేతికి ఎక్కువ తర్ఫీదు దొరికింది ఈ నోటుబుక్కుల్లోనేనని నా నమ్మకం.

అర్జెంటీనాలో జబ్బుపడి సాన్ ఇసిద్రోలో ఉన్నప్పుడు ఆతిథ్యమిచ్చిన విక్టోరియా ఒకాంపో ఈ గీతలు చూసి ముచ్చటపడింది. 1930 మేలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన తొలి ప్రదర్శన జరగడానికి ఆమే పూనుకుంది. చివరి పదేళ్లకు పైబడిన కాలంలో టాగూర్ వేసిన బొమ్మలు రెండు వేలకు మించాయి.

వాటిలోనూ పాత అలవాటే పనిచేసింది. కుంచెతో పాటు గుడ్డపీలిక, వేలు కూడా వాడుతూ సిరాను పొరలు పొరలుగా ముదురు చేస్తూ, చుట్టూ ఉన్న చోటంతా నింపుకుంటూ వస్తారు. నింపకుండా వదిలినచోట ముఖం తేలుతుంది. ఆకారం చుట్టుగీత ఎంత ధీమాగా ఉంటుందో! శరీర నిర్మాణం మాత్రం చాలాచోట్ల తడబడుతుంది, దాన్ని దాచే ప్రయత్నమూ ఉండదు. చాలా బొమ్మలకు పేర్లు కూడా పెట్టలేదు.

ఆ పెద్ద బొమ్మల్లో కొన్ని జంతువుల కన్నా నోటుబుక్కు పక్షులే నాకు ఎక్కువ ఇష్టం. ఖాళీ కాగితం మీద గీతను అడ్డుకునే పంక్తి ఉండదు, దాంతో కొన్నిసార్లు వంపు తేలికైపోయి అదే ముక్కు, అదే వీపు మళ్లీ వస్తాయి. ప్రకృతి దృశ్యాల సంగతి వేరు. నల్లటి చెట్ల వెనక పసుపు వెలుగు నిలిపిన ఆ సాయంత్రాలకు ఏ కొట్టివేతతోనూ పనిలేదు.