కొండకు కాపలా

బెంగళూరులో పనిచేసే మా మేనల్లుడు ఈ వారం ఒక ఆహ్వానం పంపాడు. వాళ్ల కంపెనీవాళ్లు రెండు బస్సులేసుకుని మా జిల్లాలో ఒక కొండకు వస్తున్నారట. మొక్కలు నాటుతారట. పచ్చ టీషర్టులు కూడా సిద్ధమట.

"మామా, నువ్వొచ్చి రెండు మాటలు చెప్పల్ల" అన్నాడు.

"మాటలకేం గానీ, మే నెలలో ఆ మొక్కలకు నీళ్లెవరు పోస్తార్రా?"

"అది మెయింటెనెన్సు మామా, వేరే టీము చూసుకుంటాది."

ఆ వేరే టీము ఎవరో నాకు తెలుసు. వాన. మా అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే దాని ఓపిక అయిపోతుంది.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా గోల కొత్త కాదు. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం పెట్టినప్పటి నుంచీ మనకు మొక్క నాటడం పండగైపోయింది. 2015లో తెలంగాణ హరితహారం నాటికి లక్ష్యం 230 కోట్ల మొక్కలకు చేరింది. అంకెతో నాకు పేచీ లేదు, పేచీ గుంతతో. సీమ కొండ దూరానికి బోడిగా కనిపిస్తుంది గానీ ఖాళీది కాదు. మట్టి కింద పాత మొద్దులు బతికే ఉంటాయి. చిగరను, బలుసును, యేపిని ఎన్నిసార్లు కొట్టినా వేరు ఊరికే చావదు. గొడ్డలి, మేక, నిప్పు - ఈ మూడూ కొన్నేళ్లు అటు పోకుండా చూస్తే మొద్దు తనంతట తనే పిలక వేస్తుంది. ఉన్న గడ్డిని పెళ్లగించి, నర్సరీ మొక్కను కవరు చింపి దించడమెందుకు? కొండకు కావాల్సింది కాపలా.

దీనికి నేను ఎప్పుడూ చూపించే సాక్ష్యం మా వైపు కల్పవల్లి కొండలు. చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడుతో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థవాళ్లు, ముష్టికోవిల ఊరివాళ్లతో కలిసి, 1990ల మొదట్లో ఆ కొండల పని పట్టుకున్నారు. ఊరివాళ్లు అడిగింది అడవి కాదు, చెరువు. చెరువు నిండాలంటే పైనున్న కొండ నీళ్లు పట్టుకోవాలి కదా, అలా పని కట్ట మీది నుంచి కొండ మీదికి పాకింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి, వేల ఎకరాలైంది, సహకార సంఘం పుట్టింది. నాటింది ఏమీ లేదని కాదు, విత్తనాలు చల్లారు, మొక్కలూ పెట్టారు. కానీ ఎక్కువ భాగం తిరిగి లేచింది కాపలా వల్లే. ఈతచెట్లు లేచాయి, వాటి ఆకుతో చీపుర్లు, బుట్టలు. బోదగడ్డి లేచింది, కొట్టాల కప్పుకు, పశువులకు. తోడేళ్లు, జింకలు వచ్చాయి. ఎండాకాలం ముందు గడ్డి కోసి ఫైర్ లైన్లు తీయడం, రాత్రి కొండ మీద వెలుగు కనిపిస్తే పరుగెత్తడం, ఇదీ పని. ఫోటోకు పనికొచ్చే పని కాదు.

కాపలా అంటే నాకు మా ఊరి చెరువును చూసుకునే నీరుగంటి తాత గుర్తొస్తాడు. సన్నటి మనిషి, భుజాన పార, చేతిలో లాంతరు. వాన పట్టిన రాత్రి ఊరంతా దుప్పటి కప్పుకుంటే ఆయన చెరువు నిండి నీళ్లు పొర్లే మరవ దగ్గరికి పోయేవాడు. వానలు లేని రోజుల్లో కట్ట పొడుగునా నడుస్తూ కర్రతో పొడిచి చూసేవాడు. ఎండ్రకాయ బొరియ కనిపిస్తే అందులో బంకమట్టి కూరి మడమతో తొక్కేవాడు. కట్ట లోపలి వాలు మీద చెట్టు మొలిస్తే చిన్నప్పుడే పీకిపారేసేవాడు. పెరిగి, ఎండి, వేరు కుళ్లిందంటే ఆ సందులోంచే చెరువు కారిపోతుంది. అంటే మా ఊళ్లో నేను చూసిన మొదటి ప్రకృతి సంరక్షకుడి ఉద్యోగం మొక్కలు పీకడం! పచ్చ టీషర్టుల వాళ్లకు చెబితే కొట్టడానికొస్తారేమో.

ఆయన్ని ఎవరూ సేవకుడని పొగడలేదు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆయన మేర ఆయనకు పడేది. పడకపోతే తూము దగ్గర ఆ రైతు మడికి నీళ్లు కాస్త ఆలస్యంగా చేరేవని గిట్టనివాళ్లు అనేవారు. అదీ ఒక రకం జమాఖర్చే. ఆయన పైన దశబంధం మాన్యం ఉన్న కుటుంబం ఒకటి ఉండేది. సీమలో పాత పద్ధతి ఇది: చెరువు తవ్వించినవాళ్లకు, మరమ్మతు చూసేవాళ్లకు ఆయకట్టు కింద కొంత భూమి మాన్యంగా ఇచ్చేవాళ్లు. భూమి అనుభవిస్తున్నంతకాలం ఏటా కట్టకు మట్టి ఎత్తించాల్సిందే. అమెరికాలో ల్యాండ్ ట్రస్టులంటారు చూడండి, 1891లో మసాచుసెట్స్‌లో మొదలై ఇవాళ ఊరూరా ఉన్నవి, భూమిని కొనో, ఇక్కడ ఇక ఏమీ కట్టనని యజమాని చేత శాశ్వతంగా రాయించుకునో కాపాడేవి. వాటి గురించి చదివినప్పుడల్లా నాకు దశబంధమే మెదులుతుంది. కాకపోతే మనది తిరగేసిన లెక్క. ఇది చెయ్యనని వాళ్లు రాయించుకుంటే, ఇది చేస్తానని మనవాళ్లు రాయించుకున్నారు.

తర్వాత ఇనాములు పోయాయి. మాన్యం పట్టా భూమి అయింది, మట్టి ఎత్తే బాధ్యత ఏ కాగితంలోనూ మిగల్లేదు. అప్పుడొచ్చింది శ్రమదానం. బళ్లో ఉండగా మమ్మల్నీ గంపలిచ్చి కట్ట మీదికి తోలారు. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని. మేం పోసిన మట్టిని తడిపినవాళ్లు లేరు, దిమ్మిస కొట్టినవాళ్లు లేరు. బెల్లపుండలు పంచారు, ఫోటో తీశారు, మొదటి వానకే ఆ మట్టంతా చెరువులోకే జారింది. నీరుగంటి తాత ఒక్క మాటా అనలేదు గానీ, మర్నాటి నుంచి ఆ మట్టిని మళ్లీ పారతో పైకి తోడింది ఆయనే. ఉచితంగా వచ్చిన చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చూసినా పని ఉచితపు చేతులతో జరగలేదనే తెలుస్తుంది. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ శాసనంలో చెక్కించారు. కట్టలోంచి నీరు కారడం ఒక దోషం, చౌడు నేల ఒక దోషం. నాకు బాగా నచ్చేది ఇంకొకటి: రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం. ఇంజనీరు రాసే మాట కాదది, తగవులు తీర్చి తీర్చి విసిగినవాడు రాసే మాట.

కాబట్టి కాపలావాళ్లకు జీతమివ్వండి, ఆదివారం బస్సుల్ని ఇంటికి పంపండి అని రాసి ముగించాలనే కూర్చున్నాను. ఆ రెండు రాజ్యాల దోషం దగ్గర కలం ఆగింది. కల్పవల్లి ఉన్నదీ అలాంటి పొలిమేరలోనే. ఊళ్ల లెక్కలో అది గడ్డి, నీళ్లు, ఈతాకు. రెవెన్యూ లెక్కలో పనికిరాని బంజరు. గాలిమరల కంపెనీకి స్థలం కావాల్సి వచ్చినప్పుడు రెండో లెక్కే చెల్లింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో గాలిమరలు లేవు, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ బాధ లేదు. కొండ నెత్తిన రోడ్లు పడ్డాయి, తవ్విన మట్టి వాగుల్లోకి దిగింది. సంఘంవాళ్లు చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. గొడ్డలిని, మేకను, నిప్పును ఆపగలిగిన కాపలావాడు ఫైలును ఆపలేడు. ఫైలు వచ్చేది రాత్రిపూట కొండ మీదికి కాదు.

ఫైలుకు ఎదురు నిలబడాలంటే అక్కడ ఫలానా తేదీన ఫలానా చెట్టు, ఫలానా గడ్డి, ఫలానా పిట్ట ఉన్నాయని చెప్పేవాళ్లు కావాలి. గొర్రెల కాపరికి అన్నీ తెలుసు, ఆయన మాటకు కచేరీలో బరువు తక్కువ. అది అన్యాయమే, కానీ ఉన్న సంగతి అది. బెంగళూరు పిల్లకాయలకు పార పట్టడం రాదు. తేదీతో, ఉన్న చోటుతో సహా ఫోటో తీయడం వచ్చు. సమాచార హక్కు దరఖాస్తు రాయడం వచ్చు. నేను ఇన్నేళ్లూ ఈ కాలమ్‌లో వెక్కిరించిన సెల్ఫీ ఉంది చూశారా, సర్వే నంబరు జతచేసి దాచుకుంటే అది బంజరు కాదనడానికి సాక్ష్యం. కట్ట మీద మా బడి ఫోటో కూడా ఎవరైనా దాచి ఉంటే, ఆ ఏడు చెరువు ఎంత దూరం నిండేదో ఇవాళ చూపించవచ్చు. ఆ నిండిన చోట ఇప్పుడు ప్లాట్లు లేచాయి.

దీనికి చట్టంలో చోటు కూడా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మా పంచాయతీది అడిగి చూశాను. వేరుశనగ ఉంది, వరి ఉంది, వేప, మర్రి, కానుగ ఉన్నాయి. కొండ మీది గడ్డి ఒక్కటీ లేదు. మా వైపు గొర్రెలవాళ్లను కదిపితే ఏ గడ్డి ఏ నెలలో ముదురుతుందో, ఏది తింటే గొర్రె పాలు దిగుతాయో, పేరుపేరునా చెబుతారు. బస్సుల్లో వచ్చే పిల్లకాయలు జులైలో గుంతలు తవ్వడానికి కాకుండా, జనవరిలో ఫైర్ లైన్లు తీసేటప్పుడు వచ్చి, పగలు వాళ్లతో గడ్డి కోసి, సాయంత్రం వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోవాలి. ఒక ఆదివారంలో తెమిలేది కాదు, కంపెనీ సెలవిస్తుందేమో కనుక్కోవాలి.