గాలికి దారి, దుమ్ముకు అడ్డు

బండి గుంజడం లేదంటే మన ఊళ్లలో మొదటి అనుమానం పెట్రోలు మీదికే పోతుంది. బంకులో కల్తీ అంటారు. తర్వాత కార్బరేటర్ అంటారు, ప్లగ్గు అంటారు. గాలి సంగతి చివరికి గానీ ఎవరికీ గుర్తుకు రాదు. నిజానికి ఇంజిన్‌లోకి పోయే సరుకులో పెట్రోలు వాటా చాలా తక్కువ. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలుకు లెక్క కడితే దగ్గర దగ్గర 11 కిలోల గాలి. 40 డిగ్రీల ఎండలో అది తొమ్మిదిన్నర వేల లీటర్లకు పైమాటే. అరవై మైలేజీ ఇచ్చే బండి మీద నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయి వస్తే, రానూపోనూ 80 కిలోమీటర్లకు ఆ చిన్న ఇంజిన్ పన్నెండు వేల లీటర్ల పైచిలుకు గాలి పీలుస్తుంది.

ఆ గాలి ఎట్లాంటిదో ఆ దారిన తిరిగేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 40వ నంబరు జాతీయ రహదారి మీద సిమెంటు లారీలు, బండల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. చేలల్లోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్లు టైర్లకు పట్టిన నల్లరేగడిని దారిపొడుగునా రాల్చుకుంటూ పోతే, అది ఎండి, నలిగి, పిండిలా లేస్తుంది. కోతల కాలంలో శిరివెళ్ల చుట్టుపక్కల వరి నుసి కళ్లలో పడుతుంది. ఆళ్లగడ్డ చేరితే శిల్పుల షెడ్లలో గ్రైండర్ల కింద రాతి పొడి తెల్లగా లేస్తూ ఉంటుంది. వీటన్నిటి మధ్య నుంచే మన బండి ఊపిరి తీసుకోవాలి.

నా బండి ఎయిర్ ఫిల్టర్ పని చాలా ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. పక్క మూత తీసి, స్క్రూలు విప్పి, ఫిల్టర్ బయటికి తీసి చూస్తే ఆ మధ్య ఏ దారుల్లో తిరిగానో దాని రంగే చెబుతుంది. మెకానిక్ దగ్గర పనికి కొదవ లేదు గానీ, సర్వీసింగ్ రద్దీలో ఫిల్టర్‌ను నింపాదిగా చూసే తీరిక అతనికి ఉండదు. అది బండి యజమాని చేసుకోవలసిన పని అని నా నమ్మకం.

మా మేనల్లుడి నమ్మకం వేరు. మొన్నామధ్య వాడు తన బండికి కంపెనీ ఎయిర్ బాక్సు పీకేసి, కార్బరేటర్ మూతికి నేరుగా ఎర్రటి గరాటు ఫిల్టర్ తగిలించుకుని మా ఇంటికి వచ్చాడు.

"మామా, ఎట్ల అరుస్తాందో విన్నావా?"

"అరుస్తాంది సరే అబ్బోడా, గుంజుతాందా?"

"టాప్‌లో బాగుంది. నూనెపల్లె ట్రాఫిక్‌లోనే కొంచెం ముక్కుతాంది."

వాడు చెప్పిన ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది. ఎయిర్ బాక్సును చాలామంది దుమ్ము పట్టే డబ్బా అనుకుంటారు. అది అంతకంటే ఎక్కువ పనులు చేస్తుంది. ఇంజిన్ గాలిని ఏకధారగా పీల్చదు, గుక్కలు గుక్కలుగా పీలుస్తుంది. 97.2 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం మీద తిరిగితే నిమిషానికి 3000 గుక్కలు. సిలిండర్ ప్రతిసారీ నిండుగా నిండితే నిమిషానికి దాదాపు 290 లీటర్లు. ఆ గుక్కల అదురును ఎయిర్ బాక్సు సర్ది, కార్బరేటర్‌కు నెమ్మదైన గాలిని అందిస్తుంది. దాని రబ్బరు గొట్టం పొడవు, వెడల్పు కూడా లెక్క ప్రకారం పెట్టినవే. సన్నగా, పొడవుగా ఉన్న దారిలో గాలి ఊపందుకుని, వాల్వు మూసుకునే క్షణంలో ఇంకాస్త లోపలికి తోసుకుపోతుంది. తక్కువ వేగంలో ఇంజిన్‌కు బలం ఇచ్చేది అదే. దారిని పొట్టిగా, వెడల్పుగా చేస్తే లాభం పై ఆర్‌పీఎంకు పోతుంది. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు మోసే ఊళ్లలో మనకు కావలసింది కింది బలమే కదా!

ఇంకో సంగతి. రోజువారీ తిరుగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి నడిపేది ఎంతసేపు? సగం తిప్పి నడిపేటప్పుడు గాలిని ఆపుతున్నది ఫిల్టర్ కాదు, కార్బరేటర్‌లో సగం దిగి ఉన్న స్లైడు. దాని ముందు శుభ్రమైన ఫిల్టర్ పెట్టే అడ్డు లెక్కలోకి రాదు. ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా, తేడా తెలిసేది ఫుల్ రేసులోనే.

ఎండ లెక్క కూడా ఉంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పొద్దున 28 డిగ్రీలున్న గాలి మధ్యాహ్నానికి 43కు చేరితే, అదే గుక్కలో పట్టే గాలి బరువు దాదాపు ఐదు శాతం తగ్గుతుంది. తెల్లవారుజామున బండి హుషారుగా పోతోందని అనిపించడం ఉత్త భ్రమ కాదన్న మాట. కంపెనీ బాక్సు సీటు కింద, నీడపట్టున ఉన్న గాలిని తీసుకుంటుంది. గరాటు ఫిల్టర్ సిలిండర్ వెనకే వేలాడుతూ ఇంజిన్ సెగను మళ్లీ ఇంజిన్‌కే పెడుతుంది. మే నెల నంద్యాలలో ఆ సెగ ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి.

అడ్డు తీసేస్తే మిశ్రమం మారుతుందన్నది మరో చిక్కు. గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది, రేసు వదిలితే చిటపటలాడుతుంది, ప్లగ్గు కొస తెల్లబడుతుంది. దాన్ని సరిచెయ్యాలంటే మెయిన్ జెట్ పెద్దది వెయ్యాలి, నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి మార్చాలి, నడిపి చూసి మళ్లీ ప్లగ్గు విప్పి చూడాలి. కొస లేత ఇటుకరంగుకు వచ్చేదాకా ఇదే పని. ఓపిక ఉన్నవాడికి ఇది మంచి విద్యే, కాదనను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లకు జెట్లు లేవు. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి కొంతవరకూ సర్దుకుంటుంది, ఫుల్ రేసులో దాని సర్దుబాటు ఆగిపోతుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం దుమ్ముతోనే. ఆళ్లగడ్డ షెడ్డులో గ్రైండర్ పట్టుకున్న శిల్పి ముక్కుకు తువ్వాలు బిగించి కట్టుకుంటాడు. ఊపిరి సరిగా ఆడడం లేదని ఆ తువ్వాలు విప్పేస్తే అప్పటికి హాయిగానే ఉంటుంది, ఊపిరితిత్తులు మాత్రం ఆ లెక్క తర్వాత తేలుస్తాయి. మన రోడ్డు దుమ్ములో ఉండే సన్న ఇసుక రేణువు సిలిండర్ ఇనుము కంటే గట్టిది. అది లోపలికి పోయి ఆయిల్‌తో కలిసిందంటే బోరును, రింగులను గీకే ముద్దగా తయారవుతుంది. కంప్రెషన్ పడిపోతుంది, నీలం పొగ మొదలవుతుంది, ఆయిల్ తగ్గుతూ వస్తుంది. పికప్ కోసం చేసిన పని పికప్‌నే తినేస్తుంది.

గరాటు ఫిల్టర్లకు పేరు తెచ్చిన కె అండ్ ఎన్ కథ చూడండి. 1969లో కాలిఫోర్నియాలో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ ఆ సంస్థను పెట్టారు. వాళ్లది మోటారు సైకిళ్ల కొట్టు. నూనె పట్టించిన నూలు గుడ్డ పొరలతో ఫిల్టర్ చేశారు. అంటే దాని గుట్టు రంధ్రాలు పెద్దవి కావడంలో లేదు, నూనె తడిలో ఉంది. ఆ తడి ఆరిపోతే దుమ్ము ఆగదు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించే శ్రద్ధ ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది. బజారులో చవగ్గా దొరికే ఎర్ర గరాటులో చాలాసార్లు ఎరుపు తప్ప ఇంకేమీ ఉండదు.

చట్టం సంగతీ గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చిన తీరును అనుమతి లేకుండా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత మార్పు ఒక్కింటికి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉంటాయి.

మరి బండికి గాలి బాగా అందాలంటే ఏం చెయ్యాలి? ముందు మీ ఫిల్టర్ ఏ రకమో తెలుసుకోవాలి. స్పాంజి అయితే కిరసనాయిలులో కడిగి, మెలిపెట్టకుండా పిండి, ఆరనిచ్చి, ఆయిల్ పట్టించి, ఎక్కువైంది పిండెయ్యాలి. పొడి కాగితం రకమైతే లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్మును కాగితంలోకి దిగ్గొట్టినట్టే. నూనె పట్టించిన కాగితం రకానికి గాలి కొట్టకూడదు, మార్చెయ్యడమే. పెట్రోలుతో మాత్రం దేన్నీ కడగొద్దు. ఫిల్టర్ కూర్చునే అంచుకు సన్నగా గ్రీజు రాయండి, దొడ్డిదారిన దుమ్ము పోదు. కార్బరేటర్‌కు రెండు వైపులా ఉన్న రబ్బర్లు పగిలాయేమో, క్లిప్పులు వదులయ్యాయేమో చూడండి. బాక్సు అడుగున ఉండే సన్న గొట్టంలో చేరిన నీళ్లు, ఆయిలు తీసెయ్యండి. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు మంచి రోడ్లకు. దుమ్ము దారుల్లో ముందుగానే చెయ్యాలని అదే మాన్యువల్ చెబుతుంది. నేను దాంట్లో సగానికే చేస్తాను.

పని ఫలితం చూసుకోవడానికి నాకు నచ్చిన చోటు అహోబిలం. దిగువ నుంచి ఎగువకు ఎనిమిది కిలోమీటర్ల దారి. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఒకే గేరులో ఎక్కే మలుపులు కొన్ని గుర్తుపెట్టుకుని, ఫిల్టర్ మార్చకముందు, మార్చాక చూసుకుంటే చాలు. శబ్దం చెప్పని నిజం ఆ ఎత్తు చెబుతుంది.

మా మేనల్లుడు పాత బాక్సు పారెయ్యలేదు, అటక మీద దాచాడు. మీరూ గరాటు తగిలించే పనిలో ఉంటే, ముందు కంపెనీ ఫిల్టర్ కొత్తది ఒకటి వేసి నెల రోజులు నడిపి చూడండి. ఫిల్టర్ కొన్ని వందల్లో వస్తుంది. బోరు కొట్టించి పిస్టన్, రింగులు మార్పిస్తే వేలల్లో అవుతుంది.