పాట ఎలా పుట్టిందో చూపిన సినిమా

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎవరో రేనాటి వాళ్లకు సినిమా వచ్చి చెప్పనక్కర్లేదు. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ ఆ పాలెగాడి కథ రేనాడులోని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పాటగా నిలిచే ఉంది. ఆ జానపదంలోని పిలుపునే పేరుగా పెట్టుకుని 2019 అక్టోబరు 2న ‘సైరా నరసింహారెడ్డి’ వచ్చింది. చిరంజీవి కత్తియుద్ధాల గురించి, జార్జియా చిత్రీకరణ గురించి అందరూ మాట్లాడుకున్నారు. నన్ను పట్టి కూర్చోబెట్టిన పనితనం మాత్రం వేరు. కథ ఎవరి నోట బతికిందన్న సంగతిని దర్శకుడు సురేందర్ రెడ్డి కథలోనే అల్లేశాడు.

ఎత్తుగడే చూడండి. 1857లో ఝాన్సీ లక్ష్మీబాయి, అంటే అనుష్క, తన సైనికులకు పదేళ్ల కిందటి ఈ వీరుడి కథ చెబుతుంది. కల్పనే, కానీ లెక్క తెలిసిన కల్పన. సిపాయిల తిరుగుబాటే మొదటిదని బడిలో చదువుకున్నవాడికి, అంతకుముందే రేనాడు లేచిందని ఒక్క వాదన లేకుండా ఎక్కుతుంది.

ఇంకా మెచ్చుకోవాల్సింది తమన్నా వేసిన లక్ష్మి పాత్ర. ఆమె నాట్యకత్తె. మన సినిమాల్లో ఆట మొదలైతే కథ ఆగిపోవడం మామూలే. ఇక్కడ ఆమె కళే తిరుగుబాటు కబురును ఊరూరికీ మోస్తుంది. సిరివెన్నెల రాసిన సైరా పాట రత్నవేలు కెమెరాలో కనులపండుగే, అయినా దాని అసలు పని కథ నడపడం. జానపదం ఎలా పుట్టి ఉంటుందో మన కళ్లముందే జరుగుతుంది. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీసి, తలను 1877 దాకా కోటకు వేలాడదీసిన ఈస్టిండియా కుంపిణీ మీద ఆ పాటే గెలిచింది మరి!

తమిళసీమ నుంచి వచ్చి కలిసే రాజా పాండిగా విజయ్ సేతుపతిని చూసినప్పుడు ఒక ఫ్రెంచి సినిమా గుర్తొచ్చింది. రాబర్ట్ గెదిగియన్ 2009లో తీసిన ‘ది ఆర్మీ ఆఫ్ క్రైమ్’. నాజీల చేతిలో ఉన్న పారిస్ కోసం పోరాడిన ఆర్మేనియన్లు, యూదులు, ఇటలీ, స్పెయిన్ వలసజీవుల కథ అది. వాళ్ల నాయకుడు మనూషియన్‌ను 1944 ఫిబ్రవరి 21న కాల్చి చంపారు. సినిమా మొదలవుతూనే చనిపోయినవాళ్ల పేర్లు వరసగా వినిపిస్తాయి. ఏం జరగబోతోందో ముందే తెలిసిపోతుంది కాబట్టి, మన చూపంతా వాళ్ల ఇళ్ల మీద, ప్రేమల మీద, భయాల మీద నిలుస్తుంది. సైరాలో రాజా పాండికి మాత్రం ఘనమైన ప్రవేశం దక్కింది గానీ, సొంత ఊరు విడిచి పరాయి నేల కోసం ఎందుకు చావబోతున్నాడో చెప్పుకునే తీరిక దక్కలేదు.

ఇంకో లోటు కూడా ఉంది. సాయిమాధవ్ బుర్రా మాటలు హాల్లో బాగా పేలాయి. అయితే ‘యాడికి పోతాండావు’ అనే రేనాటి కుందూ నది గట్టు మాట మాత్రం ఎక్కడో గాని చెవిన పడదు. పాట పుట్టుక మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు, ఆ పాట పాడుకున్న జనం యాసనూ తెర మీదికి తెచ్చి ఉండాల్సింది.