పెరిగే అంగరఖా

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్ ఉష్ణోగ్రతల పట్టికలో అట్టడుగున తరచూ కనిపించే పేరు శేరిలింగంపల్లి. సెంట్రల్ యూనివర్సిటీ చుట్టుపక్కల చెట్లు, చెరువులు, ఖాళీ రాతినేలలు ఇంకా మిగిలి ఉండడంతో రాత్రయ్యేసరికి నేల త్వరగా చల్లబడుతుంది. ఏడింటికి కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్ల గేట్ల దగ్గర స్కూలు బస్సు కోసం నిలబడే పిల్లలేమో మంచుదేశాల కోసం తయారైన ఉబ్బు జాకెట్లలో ఉంటారు. పదకొండయ్యేసరికి లోపల చొక్కా తడిసిపోతుంది. మన చలి మూడు నాలుగు గంటల చలి. దానికి సరిపడే బట్ట, పలుచగా దూది పెట్టి కుట్టే పాతకాలపు అంగరఖా. ముందువైపు తెరుచుకుంటుంది, ఒంటికి నూలే తగులుతుంది. నాలుగేళ్ళ బిడ్డకు ఇంతకంటే తగినది నాకు కనబడలేదు.

ముందు గుడ్డ సంగతి. ఐటీ కంపెనీల అద్దాల మేడలకు దగ్గర్లోనే, రాయదుర్గంలో హుస్సేన్ షావలీ దర్గా వైపు, సురయ్యా హసన్ బోస్ మగ్గాలు పెట్టించారు. భర్తలు పోయిన ఆడవాళ్ళకు నేత నేర్పి, మూలపడుతున్న హిమ్రూ, మష్రూ, పైఠణీ, జామావార్‌లను మళ్ళీ నేయించారు. 2021లో కన్నుమూశారు. ఆమె బతికించిన వాటిలో రెండు మన పనికి సరిగ్గా సరిపోతాయి. హిమ్రూలో పడుగు నూలు, పేక పట్టు. పువ్వు కోసం వేసే అదనపు పేక గుడ్డ వెనకాల వదులుగా తేలుతూ ఉంటుంది. ఆ తేలే దారాలు కాస్త గాలిని పట్టి ఉంచుతాయి కాబట్టి గుడ్డ మెత్తగా, వెచ్చగా ఉంటుంది. హైదరాబాద్ నవాబుల షేర్వానీలకు అది అంతగా నప్పడానికి మెరుపొక్కటే కారణం కాదు. మష్రూలో దీనికి తిరగేసి, పడుగు పట్టు, పేక నూలు. శాటిన్ నేత వల్ల పట్టు పైకి వచ్చి, నూలు ఒంటివైపు ఉండిపోతుంది.

పిల్లలకు హిమ్రూ వాడితే అస్తరు తప్పనిసరి. లేకపోతే వెనక తేలే దారాల్లో వేళ్ళు చిక్కుకుంటాయి, ఒక్క లాగుతో పువ్వంతా ముడుచుకుపోతుంది. నన్నడిగితే ఒళ్ళంతా హిమ్రూ అక్కర్లేదు. ఖరీదైన గుడ్డ, పైగా పిల్లలు పప్పన్నం తింటారు. ఎదురు ముక్కకూ, చేతుల అంచులకూ హిమ్రూ, మిగతాదంతా చేనేత నూలు. అస్తరుకు చాలాసార్లు ఉతికిన పాత నేత పంచెను మించింది లేదు.

ఇక దూది. ఒకప్పుడు దూదేకులవాళ్ళు వింటితో ఏకి ఇచ్చేవారు. ఆ ఏకుడులో పీచు విడిపోయి, మధ్యలో గాలి నిలుస్తుంది. వెచ్చదనం ఆ గాలిదే. నాలుగేళ్ళ పిల్లల అంగరఖాకు సుమారు 100 గ్రాములు చాలు. ఎక్కువ పెడితే మోచెయ్యి వంగదు. దూదిని రెండు గుడ్డల మధ్య సమంగా పరిచి, కచ్చా కుట్టు వేసి, అంగుళమో అంగుళంపావో ఎడంగా చేత్తో టాకా వరసలు నడపాలి. ఎడం పెరిగితే మొదటి ఉతుకులోనే దూది కిందికి జారి ఉండలు కడుతుంది. మిషను మీద పైగుడ్డ ముందుకు నెట్టుకుపోయి ముడతలు పడుతుంది కనక ఇక్కడ చేతికుట్టే మేలు. బొంతలు కుట్టిన ఇళ్ళలో ఈ పని కొత్తగా నేర్పక్కర్లేదు. టాకా పడ్డాక గుడ్డ కొలత తగ్గుతుంది. అందుకే ముక్కల్ని కాస్త పెద్దగా తీసుకుని, దూది కుట్టిన తరవాతే అసలు కొలతకు కత్తిరించాలి.

అంగరఖా కత్తిరింపులో అసలు తెలివంతా చంక ముక్కలో ఉంది. మూడంగుళాల చదరపు ముక్క. దాన్ని చేతికీ ఒంటికీ మధ్య మూలగా అతికితే గుడ్డ ఏటవాలుగా సాగుతుంది. బిడ్డ చేతులు పైకెత్తి ఊయల గొలుసు పట్టుకున్నా అంగరఖా పొట్ట మీదికి లేవదు. నడుము కింద కలీలు, అంటే ఏటవాలు ముక్కలు, ఘేరునిస్తాయి కాబట్టి పరుగుకు అడ్డం రాదు. రెడీమేడ్ బట్టల్లో ఈ చంక ముక్క దాదాపు కనబడదు. అదొక్కటే చాలు, నేను పాత కొలతల వైపు ఉండడానికి.

గుండీలకు బదులు బొందులు. ఊడి నోట్లోకి పోయే గుండీ ఉండదు, పిల్ల లావయినా సన్నబడినా ముడి సర్దుకుంటుంది. కానీ పాత నమూనాలో ఉందని మెడ దగ్గర బొందు పెట్టొద్దు. జారుడుబల్ల మీద ఎక్కడైనా తట్టుకుంటే ప్రమాదం. ఛాతీ పక్కన రెండు జతలు, ఒక్కోటి జానెడుకు మించకుండా ఉంటే చాలు. చరిత్రకు నమ్మకంగా ఉండడం కన్నా బిడ్డ గొంతు ముఖ్యం.

మహబూబ్ అలీ పాషా 1869లో మూడేళ్ళయినా నిండకుండానే నిజామయ్యాడు. పెద్దయ్యాక ఆయన ఒకసారి వేసిన దుస్తులు మళ్ళీ వేసేవాడు కాడని చెప్పుకుంటారు. పురానీ హవేలీలో ఆయన చెక్క బీరువాల వరస చూస్తే నమ్మబుద్ధవుతుంది. మనకా వైభోగం లేదు కనక అంగరఖా పిల్లతోపాటు పెరగాలి. అంచులో మూడంగుళాల మడత, చేతుల్లో రెండంగుళాలు, పక్క కుట్టుల్లో అంగుళం చొప్పున వదలండి. మడిచే భాగంలో దూది పెట్టకండి, మందమై నిలబడిపోతుంది. చేతుల మడత బయటికి తిప్పితే హిమ్రూ పట్టీ కనబడుతుంది, ఆ ఏడాదికి అదే అలంకారం. చలి పోయాక గోరువెచ్చని నీళ్ళలో పిండకుండా జాడించి, బల్లపరుపుగా ఎండలో ఆరేసి, వేపాకుతో దాచండి. నవంబరులో తీసి మడత విప్పి, చంక ముక్క మాత్రం మార్చి కొంచెం పెద్దది వేస్తే ఇంకో చలికాలం వస్తుంది.