ముందు పాట, తర్వాత ఆర్గాన్

న్యూఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కు దగ్గర్లో కథీడ్రల్ చర్చ్ ఆఫ్ ది రిడెంప్షన్ ఉంది. హెన్రీ మెడ్ నమూనా గీసిన ఆ రాతికట్టడానికి 1927లో పునాది పడింది, 1931లో ఆరాధనలు మొదలయ్యాయి. మన దేశంలో పైపు ఆర్గాన్ ఉన్న కొద్దిపాటి చర్చిల్లో అదొకటి. అలాంటి వాద్యం మీద గానీ, దాని గొంతును అనుకరించే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద గానీ జర్మన్ స్వరకర్త బాక్ రాసిన కొరేల్ ప్రెల్యూడ్ వాయించినప్పుడు రాజధాని శ్రోతల చేతికి అందేది ఒక కాగితం. అందులో నోరు తిరగని జర్మన్ పేరు ఒకటి, దాని పక్కన ఓ అంకె. ఆ పేరు నిజానికి ఒక పాట మొదటి మాటలు. ఆ పాటేమిటో ఎవరూ చెప్పరు, ఎవరూ పాడరు. శ్రోతలు మర్యాదగా విని, చప్పట్లు కొట్టి ఇంటికి వెళతారు. ఇది ఢిల్లీ ఒక్కదాని తప్పు కాదు, ప్రపంచమంతా ఇలాగే నడుస్తోంది. అయినా ఇది సరైన పద్ధతి కాదని నా వాదన. పాట రాని చెవికి ఆ సంగీతం సగమే వినబడుతుంది.

కొరేల్ అంటే జర్మన్ లూథరన్ సంఘం అంతా కలిసి పాడుకునే కీర్తన. మార్టిన్ లూథర్, ఆయన సహచరులు 1524 నుంచి వీటిని అచ్చువేయించారు. కొన్ని బాణీలు పాత లాటిన్ గానం నుంచి వచ్చాయి, కొన్ని అప్పుడే కట్టినవి, కొన్ని లౌకిక గీతాల నుంచి తెచ్చుకున్నవి. లూథర్ సారాకొట్టు పాటలన్నీ ఎత్తుకొచ్చి గుడిలో పాడించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది చాలావరకు కల్పన. క్రిస్మస్ కోసం రాసిన ఒక పాటకు మాత్రం మొదట జనంలో ఉన్న బాణీ వాడి, 1539లో దాన్ని మార్చి కొత్త బాణీ ఇచ్చాడు. హాన్స్ లియో హాస్లర్ 1601లో అచ్చువేసిన ప్రేమగీతం సంగతి వేరు. ఆ బాణీ కొన్ని దశాబ్దాల్లో సిలువ శ్రమల పాటగా మారింది, దాన్నే బాక్ మత్తయి శ్రమల గానంలో మళ్లీ మళ్లీ వాడుకున్నాడు. ఎక్కడినుంచి వచ్చినా ఈ బాణీలన్నిటికీ పోలిక ఒకటే. స్వరాలు పక్కపక్క మెట్ల మీదే ఎక్కువగా నడుస్తాయి, ఒక్కో పాదం చివర ఊపిరి తీసుకునే విరామం ఉంటుంది, చాలా పాటల్లో మొదటి భాగం రెండుసార్లు వస్తుంది. సంగీతం చదవడం రాని రైతు, దర్జీ, వంటమనిషి గొంతు కలపడానికి కట్టినవి కదా!

ఆర్గాన్ వాద్యకారుడి ఉద్యోగం కూడా ఈ పాటల చుట్టూనే తిరిగేది. యోహాన్ పాచెల్‌బెల్‌ను 1678లో ఎర్‌ఫుర్ట్ చర్చిలో నియమించినప్పుడు, సంఘం పాడబోయే బాణీని ముందుగా ఆర్గాన్ మీద అల్లి వినిపించాలన్నది ఆయన పనుల్లో ఒకటి. ఆ అల్లికే కొరేల్ ప్రెల్యూడ్. ఆయన పద్ధతి తేలిగ్గా పట్టుబడుతుంది. పాటలోని ఒక పాదాన్ని కింది గొంతులు చురుగ్గా, ఒకదాని వెంట ఒకటి అందుకుంటాయి, ఆ తర్వాత అదే పాదం దీర్ఘస్వరాల్లో నిదానంగా దిగుతుంది. వినేవాళ్ల నోట్లో పాట సిద్ధంగా ఉంది కాబట్టే ఈ ఆటకు అర్థం. మన కచేరీలో నెరవల్ వినే రసికుడి పరిస్థితీ ఇదే. సాహిత్యపు పంక్తి ముందే వచ్చినవాడికి ప్రతి విస్తరణా ఆ పంక్తి మీద వ్యాఖ్యానంగా వినిపిస్తుంది, రానివాడికి స్వరాల సందడి మిగులుతుంది.

బాక్ ఈ పనిని ఎంత దూరం తీసుకెళ్లాడో రెండు రచనలు చూస్తే చాలు. వైమార్‌లో మొదలుపెట్టిన 'ఆర్గెల్‌బుష్‌లైన్' అనే సంపుటిలో 164 కొరేల్‌లు రాయాలనుకుని 46 దగ్గర ఆగాడు. అందులో ఆదాము పతనం మీద ఉన్న చిన్న రచనలో పాట బాణీ పైగొంతులో దాదాపు మార్పు లేకుండా సాగుతుంది. కింద కాళ్లతో వాయించే పెడల్ మాత్రం ఎగుడుదిగుడు అంతరాలతో పదేపదే కిందికి దూకుతుంది. పాట తెలిసినవాడికి అది పడిపోవడం. తెలియనివాడికి అపస్వరం లాంటి ఒక వింత. రెండోది 1739లో అచ్చయిన 'క్లావియర్ యూబుంగ్' మూడో భాగంలోనిది. క్రీస్తు యోర్దాను నదిలో బాప్తిస్మం పొందడం గురించిన కొరేల్ అది. ఎడమచేయి ఆపకుండా పరుగెత్తే స్వరాలు వాయిస్తుంటుంది, దాన్ని నది అని గుర్తించడం కష్టం కాదు. కష్టమంతా పాట బాణీని పట్టుకోవడంలో ఉంది. అది పైన లేదు, పెడల్ మీద హెచ్చుస్థాయి గొట్టాలతో గొంతుల నడుమ వినబడుతుంది. బాణీ ముందే మనసులో లేకపోతే దాన్ని ఆ ప్రవాహంలోంచి విడదీసి వినడం అభ్యాసం ఉన్న చెవికి కూడా గట్టి పరీక్షే.

ఇది సామాన్య శ్రోతల ఇబ్బంది మాత్రమే కాదనడానికి మంచి సాక్ష్యం ఉంది. పారిస్‌లో షార్ల్-మారీ విదోర్ తన కాలపు ఆర్గాన్ దిగ్గజాల్లో ఒకడు. ఒకే స్వరాంశాన్ని గొంతులు వంతుగా అందుకునే బాక్ ఫ్యూగ్‌లు తనకు బోధపడుతున్నాయి గానీ ఈ కొరేల్‌లు అంతుబట్టడం లేదని ఆయన తన శిష్యుడి దగ్గర వాపోయాడు. శిష్యుడు లూథరన్ ఇంట పుట్టినవాడు, ఆ పాటలన్నీ కంఠతా వచ్చు. ఒక్కో పాట మాటలు గురువుకు వివరించి చెప్పాడు, అప్పటిదాకా పొడుపుకథలుగా ఉన్నవి విడిపోయాయి. ఇది రాసి పెట్టమని విదోర్ అడిగిన ఫలితంగానే 1905లో బాక్ మీద ఆ శిష్యుడి పుస్తకం వచ్చింది. ఆ శిష్యుడి పేరు ఆల్బర్ట్ ష్వైట్జర్, తర్వాత లాంబరేనేలో ఆసుపత్రి కట్టిన వైద్యుడే. ప్రపంచస్థాయి వాద్యకారుడికే పాట కావాల్సి వచ్చినప్పుడు కచేరీ హాల్లో టికెట్టు కొన్నవాడి సంగతి వేరే చెప్పాలా?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. గొప్ప సంగీతం తన కాళ్ల మీద తాను నిలబడాలి, మాటల ఊతకర్ర దేనికి అని. పైగా పాట తెలిసినంత మాత్రాన అన్నీ బోధపడవు. 1706లో ఆర్న్‌స్టాట్ చర్చి పెద్దలు కుర్రవాడైన బాక్‌ను పిలిచి, కొరేల్‌లలో వింత స్వరాలు కలిపి సంఘాన్ని గందరగోళపరిచావని మందలించారు. ఆ సంఘానికి పాటలన్నీ వచ్చు! నిజమే. కానీ ఆ మందలింపు నా వాదననే బలపరుస్తుంది. బాణీ తెలిసిన చెవి గనకే అది ఎక్కడ పక్కదారి పట్టిందో వాళ్లు పసిగట్టారు. తెలియని సంఘమైతే బ్రహ్మాండమని మెచ్చుకుని ఉండేది. ష్వైట్జర్ బాట పట్టినవాళ్లు ప్రతి స్వరంలోనూ ఒక బొమ్మ వెతికి విసిగించిన మాటా వాస్తవమే. పది ఆజ్ఞల కొరేల్‌లో ప్రధాన స్వరాంశం పదిసార్లు వస్తుందని వేళ్లు మడిచి లెక్కపెడుతూ కూర్చునే రసికత నాకు కూడా రుచించదు. బొమ్మలు పక్కన పెట్టినా బాణీ పక్కన పెట్టడం కుదరదు. ఇంటి పునాది చూపించమంటున్నాను, గోడల మీద చిత్రపటాలు కాదు.

ఇదంతా మనకెందుకు, ఎవరో జర్మన్ల భజనలు కదా అనేవాళ్లు ఒక ముడి గమనించాలి. బాక్ 1739లో అచ్చువేయించిన 'క్లావియర్ యూబుంగ్' మూడో భాగంలో ఎక్కువ పాటలు లూథర్ ప్రశ్నోత్తరి చుట్టూ తిరిగేవి: పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, పశ్చాత్తాపం, ప్రభురాత్రి భోజనం. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న మిషనరీ బెంజమిన్ షుల్జ్ తిరిగి వెళ్లాక అదే లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని తెలుగు చేసి 1746లో హాలే పట్టణంలో అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అది ఉంది. బాక్ అప్పుడు లైప్‌జిగ్‌లో బతికే ఉన్నాడు, రెండూళ్ల మధ్య దూరం 40 కిలోమీటర్ల లోపే. ఒకరి సంగతి ఒకరికి తెలుసని నేను అనను. ఒకే చిన్న పుస్తకం పదేళ్ల లోపే ఒకచోట ఆర్గాన్ గొట్టాల్లోకి, మరోచోట తెలుగు అచ్చులోకి వెళ్లింది. ఆ తర్వాత 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చాడు, దేవుణ్ణి కోటగా కీర్తించే లూథర్ పాట సహా ఎన్నో పాశ్చాత్య కీర్తనలు తెలుగు మాటలు తొడుక్కున్నాయి.

పాశ్చాత్య బాణీల కన్నా పురుషోత్తమ చౌదరి కీర్తనలే మనవి కదా అన్న మాటలో బలం ఉంది. 1803 నుంచి 1890 దాకా జీవించిన ఆయన రాసినవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగతాళాల పేర్లతో సహా నిలిచాయి. జనానికి వచ్చిన భాషలో, వాళ్ల చెవికి అలవాటైన నడకలో ఆరాధన ఉండాలన్నదే లూథర్ పట్టుదల కూడా. ఆ లెక్కన బాక్ దారిని నిజంగా అనుసరించే తెలుగు వాద్యకారుడు చౌదరి కీర్తనను తీసుకోవాలి. మీటల వాద్యం గమకం పలకదని మళ్లీ అభ్యంతరం. ఢిల్లీకి ఈ వాదం పాతదే. ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకున్న జాన్ ఫౌల్డ్స్ 1938లో హార్మోనియంను దుయ్యబడుతూ వ్యాసం రాశాడు, 1940లో దాన్ని రేడియో నుంచి వెలివేశారు, 1971 దాకా సడలించలేదు. ఏకవాద్యంగా రాగం ఆలపించే చోట ఆ విమర్శ న్యాయమే. కానీ వందల గొంతులు కలిసి పాడే కీర్తనలో గమకాలు ఎటూ అరిగి బాణీ అస్థిపంజరమే మిగులుతుంది. పెడల్ మీద దీర్ఘస్వరాలుగా నిలబెట్టి చుట్టూ మిగతా గొంతులు అల్లడానికి కావాల్సింది సరిగ్గా అదే.

అందుకని ఢిల్లీలో, హైదరాబాద్‌లో, గుంటూరులో ఆర్గాన్ గానీ కీబోర్డు గానీ ముందు కూర్చునేవాళ్లకు ఒక విన్నపం. వచ్చే కార్యక్రమంలో కొరేల్ ప్రెల్యూడ్ ఉంటే, దాని ముందు ఒక గాయకుడి చేత ఆ పాట ఒక్క చరణం పాడించండి. వీలైతే తెలుగులోనో హిందీలోనో మాటలు కాగితం మీద అచ్చువేసి రెండోసారి సభ చేత కూడా పాడించండి. అందుకు మూడు నిమిషాలు చాలు.