తోడుచుక్కంత ఫ్లాపీ

ల్యాబ్‌లో ముప్పై కంప్యూటర్లు, అన్నిటి హార్డ్ డిస్కులూ ఖాళీ. చేతిలో ఒకే ఒక్క ఫ్లాపీ. 2000 ప్రాంతంలో రెడ్ హ్యాట్ లినక్స్ వారి 'కిక్‌స్టార్ట్' పద్ధతి తెలిసినవాళ్ళకి అది చాలు. వరస మొదట్లో బయల్దేరి చివరిదాకా నడిచి వెళ్తే వెనకాల ఒక్కో యంత్రమే ప్రాణం పోసుకునేది. ఆ ఫ్లాపీ లోపలి పనితనం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ముందు దానిలో ఉన్న జాగా ఎంతో చూడండి. రెండు ముఖాలు, ముఖానికి 80 ట్రాకులు, ట్రాకుకి 18 సెక్టార్లు, సెక్టారుకి 512 బైట్లు. అంతా కలిపి 14,74,560 బైట్లు. ఎక్కించాల్సిన సిస్టమేమో వందల మెగాబైట్లు. అందుకే దాన్ని తయారుచేసినవాళ్ళు సిస్టమ్‌ని ఫ్లాపీలో కుక్కాలని చూడలేదు. నెట్‌వర్క్ దాకా చేరడానికి ఏం కావాలో అదే పెట్టారు. పాలు సర్వర్‌లో ఉన్నాయి, ఫ్లాపీలో ఉన్నది తోడుచుక్క.

యంత్రం ఆన్ చేయగానే బయాస్ చేసేది చిన్న పని. ఫ్లాపీలో మొదటి సెక్టార్‌ని మెమరీలోకి తెచ్చి పెత్తనం దానికి అప్పగిస్తుంది. ఆ 512 బైట్లలో హెచ్. పీటర్ ఆన్విన్ రాసిన సిస్‌లినక్స్ తొలి ముక్క ఉంటుంది. అది తన మిగతా భాగాన్ని పిలుచుకుంటుంది. ఆ భాగం లినక్స్ కెర్నెల్‌నీ, కుదించి మూటగట్టిన ఓ బుల్లి ఫైల్ సిస్టమ్‌నీ మెమరీలోకి దించుతుంది. ఆ మూటలోని ప్రోగ్రాం నెట్‌వర్క్ కార్డు ఏ కంపెనీదో తడిమి చూసి, దానికి తగిన డ్రైవర్‌ని ఎక్కిస్తుంది. అప్పుడు కేబుల్ మీద మొదటి కేక వేస్తుంది: నాకో అడ్రసు ఇచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా? డీహెచ్‌సీపీ సర్వర్ పలుకుతుంది. నాలుగు సందేశాల్లో బేరం కుదురుతుంది. అక్కణ్ణించి సర్వర్‌లోని ప్యాకేజీలన్నీ అందుబాటులోకి వచ్చినట్టే.

నాకు అన్నిటికన్నా నచ్చేది సిస్‌లినక్స్ డాస్ ఫైల్ సిస్టమ్ మీద పనిచేయడం. దాంతో ఆ ఫ్లాపీని విండోస్ కంప్యూటర్లో పెట్టినా మామూలు ఫైళ్ళుగా తెరుచుకుంటుంది. కేఎస్.సీఎఫ్‌జీ అనే చిన్న టెక్స్ట్ ఫైలు అందులో కాపీ చేస్తే చాలు. భాష, కీబోర్డు, టైమ్ జోన్, డిస్కుని ఎలా విభజించాలి, ఏ ప్యాకేజీలు వేయాలి, అన్నీ అయ్యాక ఏ కమాండ్లు నడపాలి అని ఇన్‌స్టాలర్ మనిషిని అడిగే ప్రశ్నలకి ముందే రాసిపెట్టిన జవాబులవి. చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యే పేజీడు రాత.

కిక్‌స్టార్ట్ నమ్మకంగా, నిర్దాక్షిణ్యంగా పనిచేస్తుంది. డిస్కు తుడిచేయమని రాసి ఉంటే మళ్ళీ అడగకుండా తుడిచేస్తుంది. నేనైతే అలాంటి ఫ్లాపీల లేబుల్ మీద ఎర్ర సిరాతో హెచ్చరిక రాసేవాణ్ణి.

ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. 160 ట్రాకులు చుట్టుకొకటి చొప్పున చదివినా 32 సెకన్లు పడుతుంది, హెడ్డు కదలడానికి ఇంకాస్త. ఆ చదువు పూర్తయి, జవాబుల ఫైలు కూడా మెమరీలోకి చేరాక ఫ్లాపీతో పనిలేదు. బయటికి తీసి పక్క యంత్రంలో పెట్టొచ్చు. తీయాలి కూడా. మరిచిపోతే ఇన్‌స్టలేషన్ అయి రీబూట్ కాగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఇక్కడే ఇంకో మేలుంది. 100 మెగాబిట్ల నెట్‌వర్క్‌లో సెకనుకి పట్టేది గట్టిగా 12 మెగాబైట్లు. ముప్పై యంత్రాలూ ఒకేసారి సర్వర్ మీద పడితే తలా అరమెగాబైటు కూడా దక్కదు. ఒకే ఫ్లాపీతో నడిచే మనిషి అడుగులే వాటిని నిమిషానికొకటిగా ఎడం చేసేవి.

అదే కాలంలో నార్టన్ ఘోస్ట్ ఒక డిస్కు అచ్చుని మల్టీకాస్ట్‌లో ఒకేసారి అన్ని యంత్రాలకీ పంపేది. అది వేగం. కానీ యంత్రాలు ఒకే రకానివైతేనే ఆ పద్ధతి సుఖం. కిక్‌స్టార్ట్ ప్రతి యంత్రాన్నీ దాని హార్డ్‌వేర్ చూసుకుని కొత్తగా కడుతుంది. నా మొగ్గు ఎప్పుడూ దీనివైపే.

2004లో ఫెడోరా కోర్ 2 వచ్చేసరికి 2.6 కెర్నెల్ ఫ్లాపీలో పట్టనంత పెరిగింది. మొదటి కేక వేసే పని నెట్‌వర్క్ కార్డులోని పీఎక్స్‌ఈ చిప్పుకి దక్కింది. జవాబుల ఫైలు మాత్రం పేరు కూడా మారకుండా ఈనాటి సర్వర్ గదుల్లో కూడా అదే పని చేస్తోంది.